తాపీ పూర్ణామార్కెట్‌లో కొనండి, డబ్బు లేబుళ్ల మీద పెట్టండి: పురావస్తు తవ్వకాల సామాను సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాం. తవ్వకానికి వెళ్లే విద్యార్థికి మట్టి తీయడానికి కావలసినవన్నీ విశాఖలోనే, తాపీమేస్త్రీలు కొనే కొట్లలోనే దొరుకుతాయి. బాగానే పనిచేస్తాయి కూడా. చౌకరకంతో సరిపెట్టుకోకూడనివి వేరే ఉన్నాయి: టేపు, లెవెల్, లేబుల్, సంచి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. వేలు పోసి విదేశీ తాపీ తెప్పించుకుంటారు, కుండపెంకుల సంచిలో మాత్రం నోటుబుక్కులోంచి చింపిన ముక్క మీద బాల్‌పెన్‌తో రాసి పడేస్తారు. నెల తిరిగేసరికి తాపీ మెరుస్తూనే ఉంటుంది, కాగితం చెమ్మకు ముద్దయిపోతుంది. ఆ పెంకులు ఏ మట్టిపొరలోవో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ లెక్కలన్నీ 5 మీటర్ల చదరపు ట్రెంచ్ (తవ్వే గుంట) ఒకదానికి, ఇద్దరు పర్యవేక్షకులకు, నలుగురైదుగురు కూలీలకు. నేల మన దగ్గరిదే అనుకుని రాశాం. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ మీద ఉన్నట్టు పైన ఎర్రమట్టి, అందులో కుళ్లిన ఖోండలైట్ రాతి ముక్కలు, అడుగున ఆ రాయే. పక్కనే సముద్రం కాబట్టి గాలిలో ఉప్పూ చెమ్మా ఎప్పుడూ ఉంటాయి. గంగా మైదానపు మెత్తటి ఒండ్రుమట్టి కోసం రాసిన సామాను జాబితాలు ఇక్కడ సగమే పనికొస్తాయి.

కొనేముందు ఒక సంగతి. ఈ సామాను అనుమతి ఉన్న తవ్వకంలో చేరేవాళ్ల కోసం. రక్షిత ప్రాంతంలో తవ్వాలంటే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగిన, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని అది చెబుతుంది. తాపీ చేతిలో ఉంది కదా అని కొండెక్కి గీకడం నేరం. అంతకంటే ముందు, అది ఆ చోటుకు చేసే అన్యాయం.

ఇక తాపీ. బ్రిటన్‌లో తవ్వేవాళ్లు 4 అంగుళాల డబ్ల్యూహెచ్‌ఎస్ బ్రాండు తాపీని, అమెరికాలో 5 అంగుళాల మార్షల్‌టౌన్‌ను వాడతారు. రెండూ మంచివే. వాటి గొప్పతనమంతా ఒక్కచోట ఉంది: రేకూ మెడా ఒకే ఇనుప ముక్కను కాల్చి సాగదీసినవి, మధ్యలో అతుకు లేదు. మన కొట్లలో దొరికే తాపీల్లో చాలావాటికి రేకు మీద మెడను వెల్డింగ్ చేస్తారు, లేదా రివెట్ కొడతారు. మేస్త్రీ సిమెంటు ఎత్తి పోస్తాడు కాబట్టి అతుకు మీద బలం పడదు. తవ్వకంలో తాపీని అంచు మీద నిలబెట్టి మనవైపుకు గీకుతాం, బలమంతా ఆ అతుకు మీదే పడుతుంది. ఎర్రమట్టి ఎండలో బిగిసినప్పుడు రివెట్ రకం వారం తిరక్కుండానే ఊగడం మొదలుపెడుతుంది. రేకు ఊగితే గీత వంకరపోతుంది, పొర అంచు తెలియదు.

కాబట్టి పూర్ణామార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ కొట్లలో అడిగేటప్పుడు అతుకులేనిది చూపించమనండి. ఉంటుంది, అడగందే తీయరు. 6 అంగుళాలది తీసుకోండి. రేకును రెండు బొటనవేళ్లతో వంచి చూడండి. కొద్దిగా వంగి వెనక్కి రావాలి. వంగినచోటే ఉండిపోతే మెత్తటి ఇనుము, అసలు వంగకపోతే రాయి తగిలి మొన విరుగుతుంది. మెడ దగ్గర రంగు పూసి ఉంటే గోటితో గీకి చూడండి, అతుకు ఆ రంగు కిందే దాక్కుంటుంది.

6 అంగుళాల రేకు ట్రెంచ్ మూలల్లో, రాళ్ల మధ్య తిరగదు. ఆటోనగర్‌లో ఏ గ్రైండింగ్ షెడ్డుకు తీసుకెళ్లినా రెండు పక్కలా కోసి 4 అంగుళాలకు తెస్తారు. ఇక్కడే పని చెడుతుంది. గ్రైండర్ ఆపకుండా ఆడిస్తే అంచు నీలం రంగు తిరుగుతుంది, అంటే ఇనుములో పదును నిలిపే గట్టిదనం పోయినట్టే. నాలుగైదు సెకన్లకోసారి నీళ్లలో ముంచి తీయమని పక్కనే నిలబడి చెప్పండి. చివరి పదును గ్రైండర్ మీద వద్దు, 8 అంగుళాల బల్లపరుపు ఆకురాయితో ఒకవైపు నుంచే పెట్టుకోవాలి. రెండువైపులా పెడితే కత్తి అంచు వస్తుంది, అది మట్టిలోకి దిగబడుతుంది. మనకు కావలసింది మట్టిని పలుచగా గీకే అంచు. ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి పూటకోసారి ఆకురాయి తగలాలి. మొద్దుబారిన తాపీ మట్టిని కోయదు, పూస్తుంది. పూసిన నేల మీద బూడిద మరక, గుంజ పాతిన గొయ్యి, కాలిన నేల ఏదీ కనబడదు.

వాడే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి తాపీని చెడగొట్టేది చెయ్యే. మొనతో పొడవకండి. అంచును కాస్త వాల్చి మీవైపుకు లాగండి, శుభ్రం చేసిన చోట మోకాలు పడకుండా వెనక్కి జరుగుతూ రండి. ఒక గీతకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లేవకూడదు. లేచిన మట్టిని అప్పటికప్పుడు చేటలోకి ఎత్తెయ్యాలి. మీ గీతల కిందే పేరుకుంటే అదే కొత్త పొరలా కనబడి మోసం చేస్తుంది.

ఇలా తయారైన తాపీ ధరా కోత కూలీ కలిపినా, దిగుమతి తాపీ ధరలో చిన్న వాటాతో అయిపోతుంది. పనితనంలో తేడా ఉంది, కానీ ఆ ధరకు తగినంత లేదు. చేతిపిడి మాత్రం స్థానిక రకంలో బలహీనం. చెమ్మకు ఉబ్బి ఎండకు కుంచించుకుని నెలలో వదులవుతుంది. పిడిని రాత్రంతా అవిసెనూనెలో నానబెట్టి ఆరబెడితే సీజనంతా నిలుస్తుంది.

తాపీ కంటే మంచి బేరం చేతి పలుగు. దీన్ని కొట్లలో వెతకొద్దు, కమ్మరితో చేయించుకోండి. పాత లారీ కమాను పట్టీ ముక్క ఇస్తే ఒకవైపు మొన, రెండోవైపు 3 సెంటీమీటర్ల వెడల్పు చదును అంచు వచ్చేలా కొట్టిస్తాడు. కమాను ఉక్కు రాయి తగిలినా చిట్లదు. బరువు అరకిలో దాటనివ్వకండి. అంతకంటే బరువైతే చెయ్యి ఆగదు, దెబ్బ అనుకున్న లోతు దాటిపోతుంది. పార, గునపం, గమేళాల గురించి చెప్పేదేమీ లేదు, ఏ కొట్టులోనివైనా ఒకటే. గమేళాలన్నీ ఒకే సైజువి తీసుకోండి చాలు. పొర పొరకూ ఎన్ని గమేళాల మట్టి లేచిందో రాస్తేనే, ఏ పొరలో పెంకులు చిక్కగా ఉన్నాయో పోల్చగలం.

బ్రష్షులు పెయింటు కొట్టులో 2 అంగుళాలవి, వెంట్రుక రకం. పొడి మట్టి మీదే వాడాలి. తడి మట్టిని బ్రష్షుతో తుడిస్తే మొద్దు తాపీ చేసే పనే అదీ చేస్తుంది. ఎముకల దగ్గర ఇనుము వద్దు, వెదురు పుల్లలు చెక్కుకోండి. తీగల బ్రష్షును ట్రెంచ్ దరిదాపులకు కూడా రానివ్వొద్దు.

మన నేలకు తప్పనిసరైనదీ ఎవరి జాబితాలోనూ ఉండనిదీ ఒకటుంది: మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్, 2 లీటర్లది. మార్చి దాటాక ఎర్రమట్టి పెంకులా బిగుస్తుంది, రంగులన్నీ ఒకటే తెల్లటి ఎరుపులోకి వెళ్లిపోతాయి. ముందురోజు సాయంత్రం సన్నటి తుంపర కొట్టి గోనెపట్టా కప్పితే పొద్దున్నే తాపీ సాఫీగా పోతుంది. గీకిన వెంటనే ఇంకోసారి కొడితే గొయ్యి అంచులు ముదురు రంగులో బయటపడతాయి. బొగ్గు నమూనా తీయాల్సిన చోట, కాల్చని మట్టి వస్తువులున్న చోట మాత్రం కొట్టకూడదు. కొండ మీద నీళ్లు మోసుకెళ్లాలి కాబట్టి రోజుకు ఇరవై లీటర్లు దీనికే లెక్క వేసుకోండి.

జల్లెడ కొట్లో కొనకండి. ఇసుక జల్లెడలు చూడటానికి సరిగ్గానే ఉంటాయి, వల మాత్రం మామూలు ఇనుపది. ఈ ఉప్పుగాలికి ఒక సీజన్‌లో తుప్పు పట్టి, కన్నాలు సాగుతాయి. జింకు పూత ఉన్న అల్లిక వల కొని, ఆటోనగర్‌లో 60 × 45 సెంటీమీటర్ల చట్రానికి బిగించుకోండి. వలను నంబరు చెప్పి అమ్ముతారు. 4 నంబరంటే అంగుళానికి నాలుగు కన్నాలని అర్థం, కన్నం సైజు అని కాదు. తీగ 1.6 మిల్లీమీటర్లదైతే కన్నం 4.75 వస్తుంది, తీగ లావైతే ఇంకా తగ్గుతుంది. స్కేలు పెట్టి కొలిచి తీసుకోండి. పెంకులకు 5 మిల్లీమీటర్లు చాలు. పూసలు దొరికే పొరకు 2 మిల్లీమీటర్లది రెండోది ఉండాలి, లేకపోతే చిన్న గాజు పూసలన్నీ మట్టికుప్పలోకి పోతాయి.

ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన సామాను.

టేపులు రెండు కావాలి. 30 మీటర్ల ఫైబర్‌గ్లాస్ ఒకటి, 5 మీటర్ల స్టీలు ఒకటి. ఫైబర్ టేపు కొనేటప్పుడు సున్నా ఎక్కడుందో చూడండి. కొన్నింటిలో కొక్కెం చివర, కొన్నింటిలో పట్టీ మీద కొన్ని సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. ఒకే ట్రెంచ్‌లో రెండు రకాలూ వాడితే ప్లాను ఎప్పటికీ కలవదు. స్టీలు టేపు కొసన హుక్కు కొద్దిగా కదలడం లోపం కాదు, లోపలి కొలతకూ బయటి కొలతకూ హుక్కు మందం సర్దుబాటు కావడానికే అలా చేస్తారు. ఖచ్చితంగా కావాలంటే హుక్కును వదిలి 10 సెంటీమీటర్ల గీత నుంచి కొలిచి, పది తీసెయ్యండి.

ట్రెంచ్ వేసేటప్పుడు నాలుగు మేకుల మధ్య 5 మీటర్లు వస్తే సరిపోదు, రెండు కర్ణాలూ 7.07 మీటర్లు రావాలి. కర్ణాలు తేడా వచ్చాయంటే మీరు వేసింది చదరం కాదు. కొండవాలులో టేపును నేల మీద పరిచి కొలవడం మరో తప్పు. 5 మీటర్ల దూరంలో అర మీటరు వాలుంటే నేల వెంట కొలత 5.025 వస్తుంది. రెండున్నర సెంటీమీటర్లు ఒక్క ట్రెంచ్‌కే, పది ట్రెంచ్‌ల వరస వేస్తే పావు మీటరు. టేపును అడ్డంగా, రసమట్టం చూసి, బిగించి పట్టుకుని, మేస్త్రీ గుండు వేలాడదీసి కింద మేకు కొట్టాలి. మేకుల నుంచి లోపలికి నాలుగు వైపులా 25 సెంటీమీటర్లు వదిలితే తవ్వేది 4.5 మీటర్ల చదరం, పక్క ట్రెంచ్‌తో కలిపి 50 సెంటీమీటర్ల గట్టు నిలుస్తుంది. ఆ గట్టు గోడ మీదే పొరలన్నీ చదువుకుంటాం. 1944లో పురావస్తు సర్వేక్షణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మోర్టిమర్ వీలర్ ఈ గళ్ల పద్ధతిని మన దేశపు తవ్వకాల్లో పాతుకునేలా చేశాడు. గట్టు అంచు మీద కూర్చోవడం, గమేళాలు పెట్టడం మానిపించడమే పర్యవేక్షకుడికి రోజూ ఉండే పెద్ద పని.

ఎత్తుల తేడా కొలిచే లెవెల్ కొనక్కర్లేదు, అద్దెకు తీసుకోండి. సివిల్ కాంట్రాక్టర్లు వాడే ఆటో లెవెల్ చాలు. అద్దెకిచ్చిన పరికరాన్ని మాత్రం నమ్మకండి. 40 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి, సరిగ్గా మధ్యలో పరికరం పెట్టి, మేకుల మీద కొలతకర్ర నిలబెట్టి రెండింటి ఎత్తుల తేడా చూడండి. తర్వాత పరికరాన్ని ఒక మేకు పక్కకు జరిపి మళ్లీ చూడండి. రెండుసార్లూ తేడా ఒకటే రావాలి. మూడు మిల్లీమీటర్లు దాటి మారితే వెనక్కి ఇచ్చెయ్యండి. లెక్క సులువే. తాత్కాలిక బెంచ్‌మార్క్‌ను, అంటే ఎత్తులన్నిటికీ ఆధారంగా పెట్టుకున్న గుర్తును, 100.000 మీటర్లు అనుకుందాం, దాని మీద కర్ర 1.425 చూపిస్తే పరికరం ఎత్తు 101.425. ట్రెంచ్‌లో పూస దొరికినచోట కర్ర 2.310 చూపిస్తే ఆ పూస మట్టం 99.115. ఎప్పుడూ వచ్చే తప్పు కర్ర పట్టుకునేవాళ్ల దగ్గర వస్తుంది. కర్ర ఎటు వాలినా అంకె పెరుగుతుంది, వస్తువు ఉన్నదానికంటే లోతుగా నమోదవుతుంది. కర్రకు గుండ్రటి బుడగ బిగించినది అడగండి. కొండ మీద గాలికి బుడగ లేని కర్ర నిలువుగా నిలవదు.

లెవెల్ దొరకని రోజు మేస్త్రీల నీళ్ల ట్యూబు వాడుకోవచ్చు. దాన్ని తక్కువగా చూడకండి. 10 మీటర్ల పారదర్శక ట్యూబు, నీళ్లలో ఒక చుక్క సిరా. వాడేముందు రెండు కొసలూ పక్కపక్కన పెట్టి నీళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూస్తే లోపల గాలిబుడగ ఉందో లేదో తెలిసిపోతుంది. ట్యూబులో సగం ఎండలో, సగం నీడలో ఉంటే తేడా వస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

లేబుల్ దగ్గర మాత్రం బేరమాడకండి. కాగితం లేబుల్ విశాఖ గాలిలో బతకదు. పర్మనెంట్ మార్కర్ పేరుకే పర్మనెంట్, ఎండలో కొన్ని వారాలకే వెలిసిపోతుంది. నిలిచేది పెన్సిల్. గ్రాఫైటును ఎండా తినదు, నీరూ కరిగించదు. చిరగని ప్లాస్టిక్ కాగితం మీద 2హెచ్ పెన్సిల్‌తో రాసి, చిన్న జిప్ కవరులో పెట్టి సంచి లోపల ఒకటి, బయట దారంతో కట్టి ఒకటి వెయ్యండి. రాయాల్సినవి: స్థలం గుర్తు, సంవత్సరం, ట్రెంచ్, పొర, లోతు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, తేదీ, రాసినవారి పొడి అక్షరాలు. పొర మారినట్టు అనుమానం వస్తే పాత సంచి మూసి కొత్త సంచి తెరవాలి. అనుమానం తప్పని తేలితే తర్వాత రెండు సంచులూ కలపొచ్చు. ఒకసారి కలిసిన పెంకులను మాత్రం ఎవరూ విడదీయలేరు.

పెంకులకు నూలు గుడ్డ సంచులే మేలు. ప్లాస్టిక్ వాడితే నాలుగు కన్నాలు పొడవాలి, లేకపోతే చెమటపట్టి బూజు వస్తుంది. ఇనుముకు దీనికి పూర్తిగా విరుద్ధం: గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. సీసం సంగతి చాలామందికి తెలియదు. తొట్లకొండలో, బొజ్జన్నకొండలో శాతవాహనుల సీసపు నాణేలు దొరికాయి. అలాంటివాటిని చెక్కపెట్టెలోనో అట్టపెట్టెలోనో పెడితే, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లటి పొడిగా మార్చేస్తుంది. భూమిలో దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచిన నాణెం అందమైన టేకు పెట్టెలో పాడైపోతుంది. మూత బిగుసుకునే పాలిథిన్ డబ్బాలే వాడండి. రాగి, సీసం, వెండి నాణేలేవీ అక్కడికక్కడ కడగొద్దు, వేలితో రుద్దొద్దు.

బొగ్గు నమూనాకు అల్యూమినియం ఫాయిల్, శుభ్రమైన తాపీ మొన. చెయ్యి తగలకూడదు, దూది చుట్టకూడదు, కాగితంలో పొట్లం కట్టకూడదు. అవన్నీ ఈనాటి కార్బన్, కాలనిర్ణయాన్ని పక్కదారి పట్టిస్తాయి.

గీయడానికి మామూలు గ్రాఫ్ షీట్లు ఇంజనీరింగ్ కాలేజీల దగ్గర ఎక్కడైనా దొరుకుతాయి గానీ, చెమ్మకు సాగి కొలత మారుతుంది. గ్రాఫ్‌ను బల్లకు అతికించి, దాని మీద పాలిస్టర్ ఫిల్మ్ పరిచి 4హెచ్ పెన్సిల్‌తో గీయాలి. ప్లాను (పైనుంచి చూసిన బొమ్మ) 1:20, సెక్షన్ (గోడలోని పొరల బొమ్మ) 1:10. నాలుగు క్లిప్పులు చాలవు, సముద్రపు గాలికి ఎనిమిది కావాలి. మట్టి రంగులకు గుర్తులూ అంకెలూ ఇచ్చే మన్సెల్ రంగుల పుస్తకం ఖరీదే. తవ్వకానికి ఒకటుంటే చాలు, మనిషికొకటి అక్కర్లేదు. మట్టిని తడిపి పగటి వెలుతురులో చూసి 2.5వైఆర్ 4/6 అని రాస్తే ఎక్కడివాళ్లకైనా అది ఏ ఎరుపో తెలుస్తుంది. ‘ముదురు ఎరుపు’ అని రాస్తే రాసినవాళ్లకే మర్నాటికి గుర్తుండదు. మొబైల్ ఫోటోను దీనికి బదులుగా వాడొద్దు, ఫోను రంగులను తనకు నచ్చినట్టు దిద్దుతుంది. ట్రెంచ్ ఫోటోలు లోపలికి ఎండ పడకముందే, ఉత్తరం గుర్తూ స్కేలూ పెట్టి తీయాలి.

చివరగా టార్పాలిన్. వేసవిలో సాయంత్రపు గాలివానలు చెప్పి రావు. 5 మీటర్ల ట్రెంచ్‌కు 5 మీటర్ల పట్టా కొనేవాళ్లున్నారు, అది చాలదు. 7 మీటర్లది కావాలి, మధ్యలో వెదురు దూలం వేసి రెండువైపులా వాలు వచ్చేలా కప్పాలి. నేరుగా పరిస్తే మధ్యలో నీళ్లు నిలిచి, ఆ బరువుకు గట్టు కూలుతుంది. పొద్దున్నే తీసేటప్పుడు చేతికి గ్లవ్స్ ఉండాలి, తేళ్లు చల్లదనానికి దాని కిందే చేరతాయి. అంచుల మీద బరువుకు జల్లించేసిన మట్టి నింపిన బస్తాలే పెట్టించండి. పక్కన కనబడ్డ రాళ్లు ఎత్తి పెట్టనివ్వకండి. అవి ట్రెంచ్‌లోకి జారితే, మర్నాడు ఏది గోడ రాయో ఏది నిన్న సాయంత్రం పెట్టిన రాయో తేల్చడానికి పూటంతా పోతుంది.